ముందే మాట్లాడుకున్న వంతు



బళ్లారి బస్టాండులో దిగి, పక్కనున్న ఏ హోటల్లోనైనా ఒక ప్లేటు ఉగ్గాని బజ్జి అడగండి. తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. కన్నడలో అడిగితే కన్నడలో వస్తుంది. ఉర్దూలో అడిగినా ఇబ్బంది లేదు. ప్లేటు ధర మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే.

బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇది చూసి ముచ్చటపడతారు. "ఇన్ని భాషలు, ఇన్ని మతాలు. అయినా కలిసి ఉన్నారే! ఇక్కడివాళ్ల మనసు ఎంత మంచిదండీ!" అంటారు. మనసు మంచిదే. కాదనను. కానీ మంచి మనసు ఒక్కదాని మీద సరిహద్దు జిల్లా నడవదు. వానలు పడ్డ ఏడు అందరి మనసూ మంచిదే. కాలువ ఎండిన ఏడు ఆ మనసు ఏమవుతుందో చూడాలి.

మరి మమ్మల్ని నడిపిస్తున్నది ఏమిటి? వంతు. ముందే మాట్లాడుకున్న వంతు. ఈ పూట నేను మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కలిసి బతకడానికి ఒకరంటే ఒకరికి ప్రేమ పుట్టేదాకా ఆగనక్కర్లేదు. ఎవరి వంతు ఎప్పుడో ముందే మాట్లాడుకుంటే చాలు. ప్రేమ తర్వాత వస్తే రానీండి, సంతోషమే.

వీధి కుళాయి సంగతి తీసుకోండి. ఎండాకాలం మా వైపు కుళాయిలో నీళ్లు రోజూ రావు. వచ్చే రోజు ముందు నుంచే బిందెలు వరస కడతాయి. బిందె పెట్టి ఆడవాళ్లు ఇంట్లో పనికి పోతారు. అక్కడ మనిషి ఉండదు. బిందె ఉంటుంది. నీళ్లు వచ్చేసరికి బిందె ఎక్కడుందో వంతు అక్కడ. ముందున్న బిందె ఎవరిదైతే ముందు వాళ్లకే. ఆ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ దేవుణ్ణి మొక్కుతారు అని కుళాయి దగ్గర ఎవరూ అడగరు. "అక్కా, నీ బిందె నిండింది, రా" అని కేక వేస్తారు. అంతే.

ఇప్పుడు అదే వీధిలోకి నీళ్ల ట్యాంకరు చెప్పాపెట్టకుండా వచ్చిందనుకోండి. వరస లేదు. వంతు లేదు. ఎవరికి అందితే వాళ్లకు. అప్పుడు చూడండి. పైపు లాక్కుంటారు. జుట్టు పట్టుకుంటారు. "మీవాళ్లంతా ఇంతే" అనే మాట బయటికి వస్తుంది. కులం పేరు వస్తుంది. మతం పేరు వస్తుంది. మనుషులు మారారా? లేదు. నిన్న బిందె నిండిందని కేక వేసిన అక్కే ఈ రోజు జుట్టు పట్టుకుంది. మారింది ఒక్కటే. నిన్న వరస ఉంది. ఈ రోజు లేదు.

కాబట్టి గొడవ జరిగిన చోట మనం ముందు అడగాల్సింది, "వీళ్ల మనసులో విషం ఎవరు నింపారు" అని కాదేమో. "ఇక్కడ వంతు ఎందుకు లేకపోయింది" అని అడగాలి. విషం నింపేవాళ్లు లేరని నేననను. వాళ్లు ఎప్పుడూ ఉంటారు. వరస లేని చోట వాళ్లకు పని సులువవుతుంది. అదీ సంగతి.

వీధి కుళాయి దగ్గర పని చేసే ఈ వంతు కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రాల మధ్య పని చేస్తుందా? చేస్తుంది. చేస్తోంది కూడా. మా తుంగభద్ర డ్యామే సాక్ష్యం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్నారు. అప్పటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. అనంతపురం కూడా ఇందులోదే. 1882లో అది వేరయింది. తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆ రోజున బళ్లారి జిల్లా మళ్లీ చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మిగిలిన ఏడు తాలూకాలు మైసూరు రాష్ట్రంలో, అంటే ఇప్పటి కర్ణాటకలో, చేరాయి.

బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న దాని మీద పెద్ద పేచీ నడిచింది. ఆ పేచీ తేల్చడానికి జస్టిస్ మిశ్రా కమిషన్ వేయాల్సి వచ్చింది. ఇటు తెలుగు సభలు, అటు కన్నడ సభలు. మాటలు మాటల్లోనే ఆగలేదు. మైసూరులో చేరుతున్న సంబరానికి వేసిన పందిరికి రంజాన్ సాబ్ అనే పహిల్వాన్ కాపలా ఉన్నాడు. ఆయన మీద బాంబు పడింది. ఆయన ప్రాణం పోయింది. ఇది కూడా మన ఊరి చరిత్రే. బళ్లారిలో మొదటి నుంచీ అందరూ నవ్వుతూ కలిసి ఉన్నారని ఎవరైనా అంటే, ఈ మాట గుర్తు చేయండి. ఇక్కడి శాంతి దానంతట అది మొలకెత్తలేదు. నాటితే మొలిచింది.

సరే, జిల్లాను చీల్చారు. తాలూకాలను పంచారు. డ్యామును ఎలా పంచుతారు?

తుంగభద్ర డ్యాముకు 1945 ఫిబ్రవరి 28న పునాది రాయి పడింది. ఒక రాయి కాదు, రెండు. ఎడమ గట్టు నిజాం రాజ్యం. కుడి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీ. ఎవరి గట్టున వాళ్లు రాయి వేశారు. రెండు వైపుల నుంచీ రెండు ప్రభుత్వాలు కట్టుకుంటూ వచ్చాయి. సిమెంటుకు కరువు రోజులు. సున్నం, సుర్కీ కలిపిన గారతో ఆ రాతి కట్టడం లేచింది. పని పూర్తయ్యేసరికి రాజ్యాలే మారిపోయాయి. కుడి గట్టున్న బళ్లారి మైసూరుకు వెళ్లింది. దాని కాలువల కింది పొలాల్లో చాలావి ఆంధ్రకు వెళ్లాయి.

అప్పుడు ఏం చేశారు? ఒక బోర్డు పెట్టారు. తుంగభద్ర బోర్డు. 1953లోనే, ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద. దానికి అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది. రాష్ట్రాల తరఫున సభ్యులుంటారు. 2014 తర్వాత తెలంగాణ కూడా వచ్చి చేరింది. ఎగువ కాలువ, మన రైతుల భాషలో హెచ్చెల్సీ, బళ్లారి పొలాల మధ్య నుంచి సాగి అనంతపురం జిల్లాలోకి దిగుతుంది. దిగువ కాలువ, ఎల్లెల్సీ, బళ్లారి జిల్లా దాటి ఆలూరు, ఆదోని వైపు పోతుంది. రెండు కాలువలదీ ఒకటే దారి. కొంత దూరం కర్ణాటక, ఆ తర్వాత ఆంధ్ర.

ఎవరికి ఎంత అన్నది బచావత్ ట్రిబ్యునల్ తేల్చింది. డ్యాముకు 230 టీఎంసీల నీళ్లు వస్తాయని లెక్క. అందులో 18 ఆవిరికి పోతాయి. మిగిలిన 212లో సుమారు 139 కర్ణాటకవి. సుమారు 73 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 230 రాని ఏడు సంగతి ఏమిటి? డ్యాములో పూడిక పెరిగింది. కట్టినప్పుడు 132 టీఎంసీల పైచిలుకు పట్టేది. ఇప్పుడు 105 దగ్గరికి పడిపోయింది. తక్కువ పడే ఏళ్లే ఎక్కువ.

అందుకే బోర్డు ఏటా ఈ ఏడు ఎన్ని నీళ్లు రావచ్చో అంచనా వేస్తుంది. తగ్గితే అందరికీ అదే దామాషాలో తగ్గిస్తుంది. నాది నాకు ఇచ్చాక మిగిలితే నీకు అనే పద్ధతి లేదు. వినండి, ఇది ముఖ్యమైన మాట. మళ్లీ చెబుతాను. తక్కువైన రోజు అందరికీ తగ్గుతుంది. ఎలా తగ్గించాలో తక్కువ కాకముందే రాసిపెట్టుకున్నారు. కరువు వచ్చిన రోజున కూర్చుని న్యాయం మాట్లాడుకోవడం ఎవరి తరమూ కాదు. ఆకలి మీద పంక్తిలో వడ్డన కుదరదు.

అయితే గొడవలు లేవా? ఉన్నాయి. ఏటా ఉంటాయి. "పైన మోటార్లు పెట్టి నీళ్లు లాగేస్తున్నారు, మా వాటా మాకు రావడం లేదు" అని అనంతపురం, కర్నూలు రైతులు అంటారు. "మా పొలం పక్కనే కాలువ పోతుంటే మేం చూస్తూ ఊరుకోవాలా" అని ఇక్కడి రైతులు అంటారు. ధర్నాలు జరుగుతాయి. పేపర్లో వస్తుంది. కానీ ఆ గొడవ వెళ్లి కూర్చోవడానికి ఒక చోటుంది. బోర్డు సమావేశం ఉంది. లెక్క పుస్తకం ఉంది. ఏడు పదుల ఏళ్లుగా గొడవ పడుతూనే పంచుకుంటున్నారు. కలిసి ఉండటమంటే గొడవ లేకపోవడమని మనం అనుకుంటాం. అట్ల కాదు. గొడవకు ఒక దారి ఉండటం.

ఈ దారి ఉండటం వల్ల ఎంత మేలో 2024లో చూశాం. ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నిండు డ్యాము. 33 గేట్లలో ఒకటి లేదు. నీళ్లు నదిలోకి దూకుతున్నాయి. రెండు రాష్ట్రాల రైతుల గుండెల్లో రాయి పడింది. ఈ నీళ్లు పోతే ఖరీఫ్ పోయినట్టే. అప్పుడు గేట్ల పని క్షుణ్ణంగా తెలిసిన తెలుగు ఇంజినీరు కన్నయ్యనాయుడు వచ్చారు. ఎప్పుడో రిటైరైన పెద్దాయన. స్టాప్‌లాగ్ అనే ఇనుప దిమ్మెలు ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే రాత్రింబగళ్లు తయారయ్యాయి. పారే నీళ్లలోనే వాటిని దించారు. వారం తిరిగేసరికి ఆ సందు మూసుకుంది. తర్వాతి వానలకు డ్యాము మళ్లీ నిండింది.

ఆ వారంలో కన్నడ పేపర్లూ ఆయన్ని మెచ్చుకున్నాయి, తెలుగు పేపర్లూ మెచ్చుకున్నాయి. ఎవరి గేటో తేలేదాకా ఎవరూ ఆగలేదు. ఎందుకు ఆగలేదు? డ్యాములో ఎవరి వాటా ఎంతో ముందే రాసి ఉంది కాబట్టి. పోయే ప్రతి చుక్కలో తన చుక్క కూడా ఉందని ఇద్దరికీ తెలుసు కాబట్టి. వాటా తేలని ఆస్తి అయితే ఇంటికి నిప్పంటుకున్నా అన్నదమ్ములు ముందు పత్రాలు వెతుక్కుంటారు.

ఇప్పుడు ఇంకో సంగతి చెబుతాను. ఇది కొంచెం మన తెలుగువాళ్లకే తగిలే సంగతి. ఓపికగా వినండి.

డ్యాము కట్టాక కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి ఎంతోమంది రైతులు ఇటు వచ్చారు. సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు చుట్టూ భూములు కొన్నారు. క్యాంపులు కట్టుకున్నారు. ఈ రోజుకీ ఆ ఊళ్ల పేరు చివర క్యాంపు అనే ఉంటుంది. కష్టపడ్డారు. వరి పండించారు. సోనా మసూరికి పేరు తెచ్చారు. అంతా నిజమే. కానీ ఈ ప్రాజెక్టును మొదట ఆలోచించింది ఎక్కువగా ఆరుతడి పంటల కోసం. జొన్న, పత్తి, వేరుశనగ. కరువు సీమలో ఎక్కువమందికి తలా కొంచెం నీళ్లు అందాలని. పైనున్నవాళ్లు వరి వేసి మడి నిండా నీళ్లు పెడితే, కింద చివరి పొలానికి ఏం చేరుతుంది?

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. డ్యాము ఎడమ గట్టు కాలువ చివర నీళ్లందని రైతు మాన్వి వైపు కన్నడ రైతు. ఎల్లెల్సీ చివర నీళ్లందని రైతు కర్నూలు వైపు తెలుగు రైతు. పైన మడి నింపుకునేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, కన్నడవాళ్లూ ఉన్నారు. అంటే గొడవ తెలుగుకూ కన్నడకూ మధ్య లేదు. కాలువ మొదట్లో ఉన్నవాడికీ, చివర్లో ఉన్నవాడికీ మధ్య ఉంది. మనం పేరు తప్పుగా పెడుతున్నాం. భాష గొడవ అంటే రెండు రాష్ట్రాలు జెండాలు పట్టుకుని నిలబడతాయి. మొదలుకీ చివరకీ గొడవ అంటే, "సరే, చివరి పొలానికి ముందు నీళ్లు పెడదాం, ఎన్ని రోజులు పెడదాం" అని కూర్చుని మాట్లాడొచ్చు. మొదటి గొడవకు మందు లేదు. రెండో గొడవకు మందుంది. దాని పేరే వంతు.

మీ ఊళ్లో ఏ పేచీ వచ్చినా ఒక్కసారి ఇట్ల అడిగి చూడండి. ఇది నిజంగా వాళ్ల మతానికీ మన మతానికీ మధ్య గొడవా? లేక మొదట్లో ఉన్నవాడికీ, చివర్లో ఉన్నవాడికీ మధ్య గొడవా? చాలాసార్లు రెండోదే అని తేలుతుంది.

వంతు ఉంటే చాలదు. వంతు చూసే మనిషి కావాలి. మన పాత చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము తీసేది ఆయనే. మూసేది ఆయనే. "ఏమప్పా, మా వంతు ఎప్పుడు?" అని ఎంత పెద్ద రైతైనా ఆయన్నే అడగాలి. చాలా ఊళ్లలో నీరుగంటికి ఆ చెరువు కింద సొంత పొలం ఉండేది కాదు. తన మడి లేదు కాబట్టి ఎవరి మడి వైపూ మొగ్గడని నమ్మకం. పంట ఇంటికి వచ్చాక ప్రతి రైతూ ఆయనకు గింజలు కొలిచేవాడు. అందరి గింజలూ తింటాడు కాబట్టి అందరికీ జవాబు చెప్పాలి.

కానీ ఇక్కడే ఒక చేదు నిజం కూడా ఉంది. ఆ నీరుగంటి చాలాచోట్ల దళితుడు. ఊరందరి పొలాలకూ న్యాయంగా నీళ్లు పంచినవాడికి తన పేర సెంటు మడి లేదు. ఆయన ఇంటి ఆడమనిషి ఊరి బావి దగ్గర బిందె పెట్టడానికి వీల్లేదు. బిందెల వరస గురించి ఇందాక గొప్పగా చెప్పాను. ఆ వరసలోకే రానివ్వని బిందెలు ఎన్నో ఉండేవి. కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నాయి. బయట కొందరిని నిలబెట్టి, లోపలున్నవాళ్లు చక్కగా వంతులు పంచుకుంటే దాన్ని కలిసి బతకడం అనలేం. అందుకే వంతు మాట్లాడుకునే రోజు ముందు చూసుకోవాల్సింది ఇది. మాట్లాడే చోట అందరూ కూర్చున్నారా? రాని వాళ్లెవరు? రానివ్వని వాళ్లెవరు?

ఇక మతాల సంగతికి వద్దాం.

హంపి ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. 2021 దాకా బళ్లారి జిల్లాలోదే. 15వ శతాబ్దంలో అక్కడ రెండో దేవరాయలు ఏలేవాడు. మనం ప్రౌఢ దేవరాయలంటాం. తన సైన్యంలోకి ముస్లిం విలుకాండ్రను తీసుకున్నాడు. ఒక చిక్కు వచ్చింది. కొలువులోకి వచ్చినవాడు రాజుకు వంగి సలాం చేయాలి. వాళ్లేమో దేవుడికి తప్ప ఎవరికీ తల వంచం అంటారు. ఏం చేయాలి? ఫెరిష్తా అనే చరిత్రకారుడు ఒక మాట రాశాడు. రాయలు తన ముందు ఖురాను పెట్టించుకున్నాడట. వాళ్లు దానికి వంగేవారు. కొలువు మర్యాదా నిలిచింది, వాళ్ల మతమూ నిలిచింది. అదే రాయల కాలంలో, 1439లో, అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి హంపిలో ఒక మసీదు కట్టించి ఆ పుణ్యం రాయలకు చెందాలని శాసనం వేయించాడు. రాతి స్తంభాల మండపంలా ఉంటుంది ఆ కట్టడం. ఈసారి హంపి పోతే చూడండి.

రాయలు ఎవరినీ మతం మార్చుకోమనలేదు. తన మతం వదులుకోనూ లేదు. ఎదుటివాడికి ఏది కుదరదో తెలుసుకున్నాడు. దానికి తగ్గ ఏర్పాటు చేశాడు. ఇంత చిన్న పని.

పల్లెల్లో ఈ పని ఇంకా బాగా చేస్తారు. పీర్ల పండుగ చూడండి. బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ముస్లింల ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. గుండం తవ్వేవాళ్లు ఒకరు. కట్టెలు తెచ్చేవాళ్లు ఇంకొకరు. తప్పెట కొట్టేవాళ్లు ఒకరు. పీరు ఎత్తేవాళ్లు ఇంకొకరు. చక్కెర చదివింపులు చదివేది ముల్లా. ముల్లా లేకపోతే పక్క ఊరి నుంచి పిలుస్తారు. ఏ ఇంటి పని ఏమిటో తాతల నాటి నుంచీ తెలుసు. పని పంచుకున్నారు కాబట్టి పండుగ అందరిదైంది. ఊరికే "రండి, చూడండి" అంటే చుట్టంలా వచ్చి పోతారు. "కట్టెలు మీ ఇంటివే రావాలి" అంటే ఆ పండుగ వాళ్లది కూడా.

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు ఉంది. అక్కడ కుళ్లాయిస్వామి పీరును చూడటానికి మొహర్రం రోజుల్లో కర్ణాటక నుంచి కూడా జనం పోతారు. ఈ పండుగ మీద కవి, పరిశోధకుడు అఫ్సర్ ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. 2013లో అచ్చయింది. మన సీమలో కుళ్లాయప్పలు, హుస్సేనప్పలు, దస్తగిరులు, మౌలాలీలు ఎంతమంది హిందువుల ఇళ్లలో ఉన్నారో మీకు తెలుసు. పేరు విని మతం చెప్పడం మా వైపు అంత సులువు కాదు.

పట్నాల్లో ఈ పంపకం తాతల నుంచి రాలేదు. అందుకని కూర్చుని మాట్లాడుకోవాలి. 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనమూ, మిలాద్ పండుగా ఒకే రోజు పడ్డాయి. హైదరాబాదులో రెండు పెద్ద ఊరేగింపులు. అవే రోడ్లు. ముస్లిం పెద్దలు ముందే కూర్చుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడూ అదే చిక్కు వచ్చింది. నిమజ్జనం సెప్టెంబరు 17. మిలాద్ ఊరేగింపును 19కి జరుపుకున్నారు. ఇందులో ఎవరి దేవుడూ చిన్నబోలేదు. రోడ్డు ఒకటే కదా. ఒకరి తర్వాత ఒకరు నడిచారు. అయితే ఒకటి మరవకూడదు. ఎప్పుడూ ఒక్కరే తగ్గితే అది వంతు అనిపించుకోదు. ఈసారి వాళ్లు జరిగారు. ఇంకోసారి మనం జరగాలి. ఇచ్చిపుచ్చుకుంటేనే వంతు.

చివరగా భాష.

బళ్లారి నాటకాల ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో ఇక్కడే సరస వినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావుది సుమనోరమ సభ. ఒకే ఊళ్లో రెండు తెలుగు సభలు. పోటీ పడి నాటకాలు వేశాయి. ఆ నేల మీదే బళ్లారి రాఘవ పెరిగారు. వృత్తికి ప్లీడరు. తెలుగులో వేశారు. కన్నడలో వేశారు. హిందీలో, ఇంగ్లీషులో కూడా వేశారు. 1946లో ఆయన పోయారు. ఊరు కన్నడ రాష్ట్రంలోకి వెళ్లింది. రాఘవ పేరు ఎక్కడికీ పోలేదు. ఆయన పేరు మీద రాఘవ కళా మందిరం ఉంది. అక్కడ తెలుగు నాటకం ఆడుతుంది, కన్నడ నాటకం ఆడుతుంది. హాలు ఒక్కటే. ఈ సాయంత్రం తెలుగుదైతే రేపటిది కన్నడ. ఒక భాష లేస్తేనే ఇంకో భాష కూర్చోగలదని అక్కడ ఎవరూ అనుకోరు.

ఇంటి దగ్గర కూడా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. కర్ణాటకలో ఉన్న తెలుగు పిల్లలు కన్నడ బాగా నేర్చుకోవాలి. విసుగ్గా కాదు, ఇష్టంగా. అది ఈ నేల భాష. బడిలో, ఆఫీసులో, బస్సులో వంతు కన్నడది. ఇంట్లో అన్నం పళ్లెం దగ్గర వంతు తెలుగుది. అమ్మమ్మతో తెలుగు. పడుకునే ముందు ఒక తెలుగు కథ. వారానికి ఒక పేజీ తెలుగు రాత. సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న కన్నడ కుటుంబాలకూ ఇదే మాట. అక్కడ కన్నడ మాధ్యమ బడులున్నాయి. చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాట్లకు ప్రయత్నించాలని మన రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. ఆ హక్కు మనకు ఇక్కడ ఎంత కావాలో, వాళ్లకు అక్కడ అంతే కావాలి. ఇక్కడ అడిగి అక్కడ కాదంటే కుదరదు.

ఇంతసేపు చెప్పిందంతా మూడు మాటల్లోకి వస్తుంది. మరొక్కసారి చెబుతాను. మొదటిది, వంతు గొడవకు ముందే మాట్లాడుకోవాలి. రెండోది, తక్కువైన రోజు అందరికీ తగ్గాలి. మూడోది, ఆ వరసలో అందరూ ఉండాలి, వంతు చూసే మనిషి అందరికీ జవాబు చెప్పాలి. ఈ మూడూ ఉన్న చోట మనసులు కలవకపోయినా మనుషులు బతుకుతారు. నాలుగేళ్లు అట్ల బతికితే మనసులూ మెల్లగా దారికొస్తాయి.

మరి మీరేం చేయాలి? పెద్ద పనులు వద్దు. మీ వీధిలో, మీ అపార్టుమెంటులో, మీ పిల్లకాలువ కింద, రాబోయే గొడవ ఏదో మీకు ఇప్పటికే తెలుసు. పండుగ మైకు కావచ్చు. బండి పెట్టే స్థలం కావచ్చు. బోరు మోటారు కావచ్చు. ఎదురింటివాళ్లు ఏ మతమైనా, ఏ భాషైనా సరే, ఈ వారంలో ఒక సాయంత్రం వెళ్లి, "అన్నా, ఈ సంగతి ముందే ఒక మాట అనుకుందామా?" అని అడగండి. పక్కింటివాళ్లను కూడా పిలవండి. ఎవరినీ వదిలేయకండి. ఇవాళ అడిగితే ఒక కప్పు టీతో తేలిపోతుంది. గొడవయ్యాక అడిగితే పోలీసు స్టేషను మెట్లెక్కాలి, ప్లీడరుకు ఫీజు కట్టాలి. రెండింట్లో ఏది చవకో లెక్క మీరే వేసుకోండి.